పార్లమెంటు హౌస్ అనెక్స్‌లో అసలు జరిగే పని ఏమిటి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ఢిల్లీలో కొత్త పార్లమెంటు భవనం వచ్చాక కూడా పక్కన 1970ల నాటి పార్లమెంటు హౌస్ అనెక్స్ ఎందుకు, అక్కడ ఉన్నవి గుమాస్తాల ఆఫీసులేనా, దాని చరిత్ర ఏమిటి? గ్రూప్స్‌కి చదువుతున్నానని కూడా రాశారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. కేంద్రంలోని ఒక మంత్రిత్వ శాఖలో బడ్జెట్ విభాగంలోనూ పార్లమెంటు సెక్షన్‌లోనూ నేను చాలా ఏళ్లు పనిచేశాను. కమిటీ ముందు మా సెక్రటరీగారు జవాబులు చెబుతుంటే వెనక వరసలో ఫైళ్లు పట్టుకుని కూర్చునేవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ భవనం నాకు తెలిసింది జవాబు చెప్పుకోవాల్సిన పక్షం వైపు నుంచి.

ముందు సూటిగా జవాబు. లోక్‌సభ, రాజ్యసభ ఏ భవనంలో సమావేశమైనా, ప్రభుత్వం పెట్టే ఖర్చును పద్దు పద్దుగా, బిల్లులను క్లాజు క్లాజుగా పరిశీలించే పని ఎన్నో దశాబ్దాలుగా ఎక్కువగా జరుగుతున్నది అనెక్స్‌లోని కమిటీ గదుల్లోనే. కెమెరాలు ఉండవు కాబట్టి ఆ పని ఎవరికీ కనిపించదు. కనిపించని పనికి గుర్తింపు తక్కువ. అందుకే చాలామంది దాన్ని ఆఫీసు బిల్డింగ్ అనుకుంటారు.

ఇక చరిత్ర. పాత పార్లమెంటు భవనం ఇప్పటి అవసరాలకు కట్టింది కాదు. కొత్త ఢిల్లీ నిర్మాణం మొదలైనప్పుడు ప్రత్యేకంగా శాసనసభ భవనం అనే ఆలోచనే లేదు, వైస్రాయ్ భవనంలోనే ఒక కౌన్సిల్ హాలు సరిపోతుందనుకున్నారు. 1919 మాంటేగు-చెమ్స్‌ఫర్డ్ సంస్కరణలతో రెండు సభలు వచ్చేసరికి వేరే భవనం తప్పలేదు. లుట్యెన్స్, బేకర్ రూపకల్పన చేశారు. 1921 ఫిబ్రవరి 12న డ్యూక్ ఆఫ్ కన్నాట్ పునాదిరాయి వేశారు, 1927 జనవరి 18న వైస్రాయ్ లార్డ్ ఇర్విన్ ప్రారంభించారు. ఆ గుండ్రటి భవనంలో మూడు హాళ్లు: కేంద్ర శాసనసభకు ఒకటి, కౌన్సిల్ ఆఫ్ స్టేట్‌కు ఒకటి, సంస్థానాధీశుల నరేంద్ర మండలికి ఒకటి. ఇప్పుడు మనం సెంట్రల్ హాల్ అనేది అప్పట్లో గ్రంథాలయం. దాన్ని 1946లో రాజ్యాంగ సభ కోసం మార్చారు. నరేంద్ర మండలి హాల్లో 1937 నుంచి ఫెడరల్ కోర్టు, ఆ తర్వాత 1958 దాకా సుప్రీంకోర్టు నడిచాయి. ఆ భవనంలో చోటు కోసం ఒత్తిడి మొదటి నుంచీ ఉందని దీన్నిబట్టి అర్థమవుతుంది.

స్వాతంత్ర్యం తర్వాత లోక్‌సభ సభ్యుల సంఖ్య పాత కేంద్ర శాసనసభకు మూడు రెట్లు దాటింది. 1956లో పాత భవనం మీద మరో రెండంతస్తులు వేశారు. అయినా చాలలేదు. దానికి కారణం సభ్యుల సంఖ్య ఒక్కటే కాదు, కమిటీలు పెరిగాయి. ప్రభుత్వ ఖర్చుల లెక్కలు తనిఖీ చేసే ప్రజా పద్దుల కమిటీ 1921 నుంచే ఉంది కానీ 1950కి ముందు దానికి ప్రభుత్వ ఆర్థిక సభ్యుడే అధ్యక్షుడు. అంటే లెక్కలు అడగాల్సిన చోట లెక్కలు చెప్పాల్సినవాడే కూర్చునేవాడు. గణతంత్రం వచ్చాక అది పార్లమెంటు కమిటీ అయింది. 1950లో అంచనాల కమిటీ, 1964లో ప్రభుత్వ రంగ సంస్థల కమిటీ వచ్చాయి. ప్రతి కమిటీకీ కూర్చోవడానికి గది, కాగితాలు చూసే సిబ్బంది, అనువాదకులు, మాట పొల్లుపోకుండా రాసుకునే వెర్బేటిమ్ రిపోర్టర్లు కావాలి. ఇవన్నీ ఆ గుండ్రటి భవనంలో పట్టవు.

అలా వచ్చింది అనెక్స్. 1970 ఆగస్టు 3న అప్పటి రాష్ట్రపతి వి.వి.గిరి శంకుస్థాపన చేశారు. తెలుగు కుటుంబంలో పుట్టి బరంపురంలో పెరిగిన గిరిగారి పేరు ఆ భవనం మొదటి రోజుతో ముడిపడి ఉండటం నాకు ఎప్పుడూ సంతోషంగానే ఉంటుంది. కేంద్ర ప్రజా పనుల శాఖ చీఫ్ ఆర్కిటెక్ట్ జె.ఎం.బెంజమిన్ రూపకల్పన చేశారు. 1975 అక్టోబరు 24న ప్రధాని ఇందిరా గాంధీ ప్రారంభించారు. తేదీ గమనించండి. అప్పటికి దేశంలో అత్యవసర పరిస్థితి అమల్లోకి వచ్చి నాలుగు నెలలు. ప్రభుత్వాన్ని ప్రశ్నించడానికి కట్టిన గదులు, ప్రశ్నించడమే కష్టమైన రోజుల్లో తెరుచుకున్నాయి.

భవనం చూడటానికి ఆడంబరంగా ఉండదు. ముందు, వెనక భాగాలు మూడంతస్తులు, మధ్య భాగం ఆరంతస్తులు. పాత పార్లమెంటు స్తంభాల పక్కన అది కంటికి ఆనదు, ఫొటోలకూ పనికిరాదు. లోపల ఒక పెద్ద కమిటీ గది, ఇంకొన్ని చిన్న కమిటీ గదులు, కమిటీ అధ్యక్షుల గదులు, రెండు సభల సచివాలయాల విభాగాలు ఉంటాయి. హిందీలో దీన్ని సంసదీయ సౌధ అంటారు. ఢిల్లీ ఆఫీసుల్లో మాత్రం అందరికీ ‘పీహెచ్‌ఏ’.

దీనికి తర్వాత రెండు తోడయ్యాయి. మొదటిది పార్లమెంటు గ్రంథాలయ భవనం. రాజ్ రెవాల్ రూపకల్పన చేసిన ఈ భవనానికి 1987లో రాజీవ్ గాంధీ పునాదిరాయి వేస్తే, 2002 మే 7న రాష్ట్రపతి కె.ఆర్.నారాయణన్ ప్రారంభించారు. పక్కనున్న పాత పార్లమెంటు అందాన్ని కప్పేయకూడదని ఎత్తు తగ్గించి, కావలసిన చోటును భూమి కిందకు తీసుకెళ్లారు. అందులోని ఆడిటోరియానికి జి.ఎం.సి.బాలయోగి పేరు పెట్టారు. లోక్‌సభ స్పీకర్‌గా ఉండగానే ఆ ఏడాది మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన పోయారు. పార్టీల పార్లమెంటరీ సమావేశాలు బాలయోగి ఆడిటోరియంలో జరిగాయని వార్తల్లో చదువుతుంటారు కదా, ఆ హాలు ఇదే. రెండోది అనెక్స్ విస్తరణ భవనం, 2017 జులై 31న ప్రధాని మోదీ ప్రారంభించారు. ఇప్పుడు చాలా కమిటీలు అందులో కూడా కూర్చుంటున్నాయి.

అనెక్స్‌కు అసలైన పని వచ్చింది 1993లో. అంతకుముందు 1989లో వ్యవసాయం, పర్యావరణం, శాస్త్ర సాంకేతిక రంగాలకు మూడు కమిటీలతో ప్రయోగం చేశారు. 1993లో, పి.వి.నరసింహారావు ప్రధానిగా, శివరాజ్ పాటిల్ స్పీకర్‌గా ఉన్నప్పుడు, అన్ని మంత్రిత్వ శాఖలనూ కవర్ చేసేలా 17 స్థాయీ సంఘాలు (స్టాండింగ్ కమిటీలు) ఏర్పడ్డాయి. 2004లో వాటిని 24కు పెంచారు. ఒక్కో దాంట్లో 31 మంది: లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. పదహారింటికి లోక్‌సభ సచివాలయం, ఎనిమిదింటికి రాజ్యసభ సచివాలయం సిబ్బందిని ఇస్తాయి. మంత్రులు వీటిలో సభ్యులుగా ఉండకూడదు. పరీక్షకు ఈ అంకెలు గుర్తుపెట్టుకోండి, కానీ అంకెల కంటే ఆ మార్పు ఎందుకు అవసరమైందో తెలుసుకోవడం ముఖ్యం.

బడ్జెట్ ప్రవేశపెట్టాక ఒక్కో మంత్రిత్వ శాఖ పద్దునూ సభలో చర్చించి ఆమోదించాలి. సభకు అంత సమయం ఎప్పుడూ దొరకదు. కొన్ని శాఖల పద్దులే చర్చకు వస్తాయి. చివరి రోజు సాయంత్రం మిగిలినవన్నీ కలిపి ఒకేసారి ఓటుకు పెడతారు, దీన్ని గిలటిన్ అంటారు. లక్షల కోట్లు చర్చ లేకుండా దాటిపోతాయి. 1993 ఏర్పాటుతో, బడ్జెట్ సమావేశాల మధ్యలో సభలకు విరామం ఇచ్చి, ఆ వారాల్లో ప్రతి శాఖ పద్దునూ దాని కమిటీకి పంపడం మొదలైంది. ‘పార్లమెంటుకు సెలవులు’ అని పేపర్లో వచ్చే ఆ రోజుల్లోనే అనెక్స్‌లో గది ఖాళీ దొరకదు. మా శాఖలో ఏడాది మొత్తంలో ఎక్కువ టెన్షన్ ఉండేది కూడా అప్పుడే.

ఆ టెన్షన్ ఎందుకో చెబుతాను, ఎందుకంటే భవనం ఉపయోగం అక్కడే తెలుస్తుంది. ముందుగా కమిటీ సచివాలయం నుంచి శాఖకు ‘లిస్ట్ ఆఫ్ పాయింట్స్’ వస్తుంది. ఫలానా పథకానికి నిరుడు బడ్జెట్ అంచనా ఎంత, సవరించిన అంచనా ఎంత, అసలు ఖర్చు ఎంత, తేడా ఎందుకు, ఇచ్చిన డబ్బు ఖర్చయిందని చూపే వినియోగ పత్రాలు ఏ రాష్ట్రాలు ఇవ్వలేదు, మూడేళ్ల క్రితం పూర్తవుతుందన్న ప్రాజెక్టు ఏ దశలో ఉంది. వీటికి రాతపూర్వక జవాబులు గడువులోగా, ఇంగ్లీషులోనూ హిందీలోనూ పంపాలి. ప్రతి అంకె వెనకా ఒక ఫైలు ఉండాలి, ప్రతి ఫైలు వెనకా ఒక అధికారి సంతకం ఉండాలి. చాలాసార్లు శాఖ తన పథకం గురించి తాను మొదటిసారి నిజాయితీగా లెక్క వేసుకునేది ఈ జవాబు రాసేటప్పుడే. ఇది నేను తేలిగ్గా అంటున్న మాట కాదు. అడిగేవాడు ఒకడున్నాడని తెలిస్తేనే ఫైలు కదలడం ఎన్నోసార్లు చూశాను.

సమావేశం రోజు సెక్రటరీ, అదనపు కార్యదర్శులు, ఆర్థిక సలహాదారు ఒక వైపు, సభ్యులు ఒక వైపు. అధ్యక్షుడు మొదట స్పీకర్ ఆదేశాల్లోని 55(1)నో 58నో గుర్తుచేస్తారు. మొదటిది, నివేదిక సభకు సమర్పించే దాకా ఇక్కడి మాటలు బయట చెప్పకూడదని. రెండోది, రహస్యంగా ఉంచమని ప్రత్యేకంగా కోరితే తప్ప సాక్ష్యాన్ని ప్రచురించవచ్చని, కోరినా సభ్యులకు అందుబాటులో ఉంటుందని. తర్వాత అధికారులు తమ పరిచయం చెప్పుకుంటారు, ప్రశ్నలు మొదలవుతాయి.

ఇక్కడ విప్, అంటే పార్టీ చెప్పినట్టే నడవాలన్న ఆదేశం, వర్తించదు. ఈ ఒక్క సంగతి ఎంత తేడా తెస్తుందో టీవీలో సభను మాత్రమే చూసేవాళ్లకు నమ్మశక్యం కాదు. అధికార పార్టీ సభ్యుడే తన జిల్లాలో ఆగిపోయిన రైల్వే వంతెన గురించి, రాని ఎరువుల గురించి సెక్రటరీని గట్టిగా నిలదీస్తాడు. ప్రతిపక్ష సభ్యుడు ఓ మంచి పథకానికి డబ్బు ఎందుకు తగ్గించారని ఆ పథకం తరఫున మాట్లాడతాడు. కెమెరా లేదు కాబట్టి నినాదాలతో లాభం లేదు. అందరు సభ్యులూ చదువుకుని వస్తారని అనను, రాని వాళ్లూ ఉంటారు. కోరం కోసం, అంటే కనీసం ఉండాల్సిన మూడో వంతు సభ్యుల కోసం, ఎదురుచూసిన సందర్భాలూ ఉన్నాయి. కానీ చదువుకుని వచ్చిన ఇద్దరు ముగ్గురు ఉంటే చాలు, శాఖకు చెమటలు పడతాయి. అక్కడికక్కడ చెప్పలేని ప్రశ్నలకు తర్వాత రాతపూర్వకంగా జవాబులు పంపాలి. చివరికి అధికారులు బయటకు వెళ్లాక సభ్యులు తమలో తాము చర్చించుకుంటారు.

కమిటీ సిఫార్సులకు ప్రభుత్వం కట్టుబడి ఉండాలన్న నియమం లేదు. దీన్ని పట్టుకుని ‘అయితే ఏం లాభం’ అని అడిగేవాళ్లు చాలామంది. లాభం ఉంది. స్థాయీ సంఘం నివేదికపై ఏ సిఫార్సును ఏం చేశారో మూడు నెలల్లో ప్రభుత్వం చెప్పాలి. ఒప్పుకోకపోతే ఎందుకో రాయాలి. ఆ కారణం అచ్చులో ఉంటుంది, ఏళ్ల తర్వాత కూడా ఎవరైనా తీసి చూపించవచ్చు. ప్రజా పద్దుల కమిటీ విషయంలో ఇంకో రక్షణ ఉంది. 1967లో మినూ మసానీతో మొదలుపెట్టి ఆ కమిటీకి ప్రతిపక్ష సభ్యుణ్ణే అధ్యక్షుడిగా పెట్టడం ఆనవాయితీ అయింది.

బిల్లుల సంగతికొస్తే, కమిటీకి పంపితే ఆలస్యమవుతుందనే వాదన తరచు వినిపిస్తుంది. దివాలా స్మృతి బిల్లును చూడండి. 2015 డిసెంబరులో ప్రవేశపెట్టి సంయుక్త కమిటీకి (రెండు సభల సభ్యులతో ఆ బిల్లు కోసమే వేసే కమిటీకి) పంపారు, 2016 ఏప్రిల్ చివర నివేదిక వచ్చింది, మే నెలలో రెండు సభలూ ఆమోదించాయి. అంత పెద్ద, సాంకేతికమైన చట్టానికి ఆరు నెలలు కూడా పట్టలేదు. వ్యక్తిగత డేటా రక్షణ బిల్లుది మరో రకం కథ. 2019లో సంయుక్త కమిటీకి వెళ్లింది, 2021 డిసెంబరులో చాలా సవరణలతో నివేదిక వచ్చింది, 2022 ఆగస్టులో ప్రభుత్వం ఆ బిల్లునే వెనక్కి తీసుకుని 2023లో కొత్తది తెచ్చింది. రెండేళ్లు వృథా అయ్యాయని కొందరంటారు. లోపాలున్న బిల్లు చట్టమై కోర్టుల చుట్టూ తిరగడం కంటే ముందే గదిలో విప్పి చూడటం మేలని నా అభిప్రాయం.

నన్ను నిజంగా బాధపెట్టేది వేరే. 15వ లోక్‌సభ కాలంలో సుమారు 71 శాతం బిల్లులు కమిటీల పరిశీలనకు వెళ్లాయి. 17వ లోక్‌సభకు వచ్చేసరికి అది 16 శాతం దగ్గరకు పడిపోయింది. 2020 నాటి మూడు వ్యవసాయ చట్టాల బిల్లులు ఏ కమిటీకీ వెళ్లలేదు, మరుసటి ఏడాదే ఆ చట్టాలను రద్దు చేయాల్సి వచ్చింది. కమిటీకి వెళ్లి ఉంటే రైతులు ఏమంటున్నారో చట్టం కాకముందే రాతపూర్వకంగా ప్రభుత్వం చేతిలో ఉండేది. ఎన్ని గదులు కట్టినా బిల్లు ఆ గదిలోకి రాకపోతే ఏం ప్రయోజనం? పార్టీ ఏదైనా, అధికారంలో ఉన్నవాళ్లను ఈ విషయం గట్టిగా అడగాలి.

కొత్త భవనం గురించి అడిగారు. 2023 మే 28న ప్రారంభమైంది, విస్తీర్ణం సుమారు 64,500 చదరపు మీటర్లు, లోక్‌సభ హాల్లో 888, రాజ్యసభ హాల్లో 384 సీట్లు. పాత భవనానికి అదే ఏడాది సెప్టెంబరులో సంవిధాన్ సదన్ అని పేరు పెట్టారు. కొత్త దాంట్లోనూ కమిటీ గదులు ఉన్నాయి. కానీ 24 స్థాయీ సంఘాలు, మూడు ఆర్థిక కమిటీలు (ప్రజా పద్దులు, అంచనాలు, ప్రభుత్వ రంగ సంస్థలు), పిటిషన్లు, హామీలు, హక్కుల కమిటీలు, అప్పుడప్పుడు వచ్చే సంయుక్త కమిటీలు, వీటన్నిటి వెనక ఉండే వందలాది సిబ్బంది ఒక్క భవనంలో సర్దుకోలేరు. సభల భవనం కొత్తదైంది కానీ కమిటీ పని బరువు తగ్గలేదు. ఎంపీలకు సొంత ఆఫీసు గదులు అనే పాత కోరిక కూడా ఇంకా మిగిలే ఉంది. శ్రమశక్తి భవన్ స్థలంలో ఒక్కొక్కరికి 40 చదరపు మీటర్ల గది ఇచ్చే ప్రణాళిక, ఢిల్లీలో ప్రభుత్వ భవనాలను కొత్తగా కట్టే సెంట్రల్ విస్టా పథకంలో ఉంది. మన ఎంపీల్లో ఎక్కువమంది ఇంటి ముందు గదినే ఆఫీసుగా చేసుకుని పనిచేస్తారు, అందుకే కమిటీ సచివాలయం ఇచ్చే కాగితాలే వాళ్లకు పెద్ద ఆధారం.

మామూలు మనిషికి ఈ భవనంతో పనేమిటని చివర్లో అడిగారు. లోపలికి పాస్ లేకుండా వెళ్లలేరు. కానీ మీ ఉత్తరం వెళ్లగలదు. బిల్లు కమిటీకి వెళ్లినప్పుడు, లేదా కమిటీ ఏదైనా విషయం తీసుకున్నప్పుడు, చాలాసార్లు పత్రికల్లో ప్రకటన వేసి అభిప్రాయాలు కోరుతుంది. గడువు మామూలుగా 15 రోజులే ఉంటుంది. రాసేటప్పుడు ‘ఈ బిల్లు అన్యాయం’ అని నాలుగు పేజీలు రాస్తే ఎవరికీ ఉపయోగపడదు. ఏ క్లాజు, అందులో ఏ మాట, దాని వల్ల మీకు తెలిసిన చోట ఏం జరుగుతుంది, దాని బదులు ఏ మాట ఉండాలి అని రాయండి. స్వయంగా వచ్చి చెప్పదలిస్తే ఆ సంగతి విడిగా పేర్కొనండి. ఒకసారి పంపాక ఆ పత్రం కమిటీ రికార్డు అవుతుంది, రహస్యంగా పరిగణిస్తారు. కాబట్టి దాన్ని ఫేస్‌బుక్‌లో పెట్టకండి, సభా హక్కుల సమస్య అవుతుంది. బిల్లుతో సంబంధం లేని ప్రజా సమస్యకు పిటిషన్ల కమిటీ ఉంది.

చదువుకోవడానికైతే, సంసద్ డాట్ ఇన్ వెబ్‌సైట్‌లో కమిటీల నివేదికలన్నీ ఉచితంగా దొరుకుతాయి. మీకు ఆసక్తి ఉన్న శాఖ ఒకటి ఎంచుకోండి. ఆ శాఖ పద్దులపై తాజా నివేదికకు బదులు అంతకుముందు ఏడాది నివేదిక మీద వచ్చిన ‘యాక్షన్ టేకెన్’ నివేదిక, అంటే సిఫార్సుల మీద ప్రభుత్వం ఏం చేసిందో చెప్పేది, తీయండి. అందులో ఐదు అధ్యాయాలు ఉంటాయి. రెండోది ప్రభుత్వం ఒప్పుకున్న సిఫార్సులు, మూడోది కమిటీయే ఇక వదిలేసినవి, ఐదోది ఇంకా పూర్తి జవాబు రానివి. మీరు నేరుగా నాలుగో అధ్యాయానికి వెళ్లండి. ప్రభుత్వం ఇచ్చిన జవాబుతో కమిటీ తృప్తి పడని సిఫార్సులు అక్కడ ఉంటాయి. వాటి మీద కమిటీ వ్యాఖ్యలు మొదటి అధ్యాయంలో దొరుకుతాయి. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఆ శాఖలో అసలు తగాదా ఎక్కడుందో గంటలో తెలుస్తుంది. నివేదిక చివర మినిట్స్ (సమావేశాల సంక్షిప్త రికార్డు) కూడా చూడండి, ఆ రోజు ఎవరెవరు హాజరయ్యారో, ఏ గదిలో కూర్చున్నారో రాసి ఉంటుంది. మీ నియోజకవర్గ ఎంపీ ఏ కమిటీలో ఉన్నారో తెలుసుకుని, ఆ హాజరు జాబితాల్లో ఆయన పేరు వెతకడంతో మొదలుపెట్టండి.